మాణిక్యమ్మ ముద్ద

ఫిబ్రవరి 3, మంగళవారం

నోరు జారాను. అదీ నలుగురిలో.

సాయంత్రం బందరులో మా మత్స్యకారుల సంఘం మీటింగు. ఈ ఏడు మాణిక్యమ్మ ముద్దకి వక్తగా ఎవరిని పిలుద్దామని ప్రసాద్ బావ అడిగాడు. సంఘానికి ప్రెసిడెంటు అయిన దగ్గర్నుంచీ బావకి పెద్దవాళ్ళని పిలవాలనే యావ ఎక్కువైంది. నేను గమ్మున కూచోవచ్చుగా! "గుడివాడలో మా ఇంటి ఓనరు కృష్ణమూర్తి మాస్టారు ఆ రోజు జరిగింది కళ్ళారా చూశారు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఎంత బాగా చెబుతారో!" అన్నాను. ఇంకేముంది, చప్పట్లు. "ఆయన్ని తీసుకొచ్చే బాధ్యత నీదే సుమతీ" అన్నాడు బావ.

తిరుగు బస్సులో కూచున్నాకగాని బుర్ర పని చేయలేదు. ఆయన వస్తారు, సరే. వచ్చి ఏం తింటారు?

ఫిబ్రవరి 4, బుధవారం

కిందికెళ్ళి చెప్పాను. మాస్టారి మొహం వెలిగిపోయింది. కథంతా మళ్ళీ మొదటినుంచి చెప్పారు.

ఉప్పెన వచ్చిన మరుసటేడు. ఈయన అప్పుడు బందరులో కాలేజీ కుర్రాడు. తెల్లవారుజామున బస్సు ఒకటి ఉండేది, ఎవరిదో ప్రైవేటు బస్సు. చేపల బుట్టలున్న ఆడవాళ్ళని ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. దివిసీమలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని గిలకలదిండిలో తలదాచుకున్న మాణిక్యమ్మ, ఒక రోజు పొద్దున్నే బస్సుకి అడ్డంగా బుట్ట దించి పక్కనే చతికిలబడింది. ఆమె వెనకాల గిలకలదిండి ఆడవాళ్ళందరూ. రాత్రి వండిన కానాగంత చేపల పులుసు, చద్దన్నం అక్కడే విప్పారు. ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు ముద్దలు పెట్టుకున్నారు. "బస్సు ఇప్పట్లో కదలదయ్యా, ఆకలేసినోళ్ళు దిగి రండి" అని బస్సులో వాళ్ళని కూడా పిలిచిందట. ఎండెక్కేసరికి బుట్టలు బస్సెక్కాయి. దాని గుర్తుగానే ఏటా మావాళ్ళు అక్కడే కూచుని ముద్ద తింటారు.

ఆ ఆడవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. ఆ సంగతి మాస్టారికి తెలుసు. "మీ అమ్మగారు అదృష్టవంతురాలమ్మా. నేను ఆ బస్సులోనే ఉన్నాను. ఒళ్ళు పులకరించిందనుకో" అంటారు ఎప్పుడూ.

"ఇద్దరం వస్తాం అమ్మాయ్. టిఫిను కూడా అక్కడే" అన్నారు మాస్టారి భార్య సీతారత్నం పిన్నిగారు. అంతలోనే అనుమానం వచ్చింది ఆవిడకి. "ఇప్పుడు కూడా అదే పెడతారా, ఆ పులుసూ అదీ?"

"అబ్బే, లేదండీ. ఇడ్లీ" అన్నాను.

ఆ మాట దానంతట అదే వచ్చేసింది. నేను కావాలని అన్నది కాదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

బావకి ఫోన్ చేశాను. "ఈసారి అందరూ తినగలిగేది పెడదాం బావా. నాన్‌వెజ్ తిననివాళ్ళు వస్తే ఏం తింటారు? మాణిక్యమ్మ అందరినీ కలుపుకుపోయిన మనిషి కదా" అన్నాను. చెబుతుంటే నా మాట నాకే బాగుంది. క్లాసులో పాఠం చెప్పినట్టుగా.

గొడవపెట్టుకుంటాడనుకున్నాను. ఎగిరి గంతేశాడు! "నేనూ అదే అనుకుంటన్నా సుమతీ. రోడ్డు పక్కన కూచోడం, ఆ కంపు, ఈగలు... పేపరోళ్ళు కూడా వస్తారు. ఏసీ హాలు మాట్లాడదాం. డీసెంటుగా ఉంటది."

కంపు అన్నాడు! చేపలమ్మిన డబ్బుతోనే వాళ్ళమ్మ ఇతన్ని ఎమ్మే చదివించింది. ఒళ్ళు మండింది నాకు. పైకేం అనలేదు. నా పని అయింది కదా.

ఇది భయపడి చేసింది కాదు. ఏర్పాట్లంటే అన్నీ చూసుకోవాలి. అయినా నాకు చేపలంటే మొదటినుంచీ అంత ఇష్టం కూడా లేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

బందరు వెళ్ళాను. అమ్మ ఇంటిముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నేను చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది.

"కానాగంతలకి రాముతో చెప్పేశానే. ముందురోజు సాయంత్రానికి పడవ దిగంగానే తెస్తానన్నాడు. ఈసారి మామిడికాయ ముక్కలేస్తా, పిందెలొచ్చినయ్యి."

"ఈసారి నువ్వు వండక్కర్లేదమ్మా. ఎన్నాళ్ళని చేస్తావు, పెద్దదానివయ్యావు."

"మరి ఎవరు వండుతన్నారు? ఆనందమ్మా? దాని మొహం, దానికి పులుపు తెలవదు."

"కేటరింగుకి ఇచ్చాం. ఇడ్లీ, పొంగలి."

అమ్మ చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "ఇడ్లీయా? మాణిక్యమ్మ ఇడ్లీ కోసం కూచుందంటే రోడ్డు మీద?"

"అందరూ తినాలి కదమ్మా."

"తినొద్దని ఎవరన్నారే? ఏటేటా రమ్మనే కదా పిలుస్తన్నాం. ఆళ్ళు రారు. రానోళ్ళ కోసం వచ్చేవోళ్ళ నోరు కట్టేస్తావా? నీ చదువు తగలెయ్య!" చేపని గోనె మీద విసిరికొట్టింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీ ఓనరు కోసమేనా?"

"కాదు."

"ఆ ఇంట్లో చేప వండుకుని ఎన్నాళ్ళయిందే?"

"నాకు పెద్ద ఇష్టం లేదమ్మా."

నవ్వింది. "నా కడుపులో ఉన్నప్పుడే సొరచేప పుట్టు కావాలని రోజూ తన్నేదానివి. ఇష్టం లేదంట, ఇష్టం."

అన్నం కూడా తినకుండా వచ్చేశాను. కోపంతో కాదు, బస్సు టైమైందని.

ఫిబ్రవరి 10, మంగళవారం

అమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

ఎత్తలేదు. చివరికి పక్కింటి ఆనందమ్మ పిన్ని ఎత్తి, "మీ అమ్మ ఇంట్లో లేదమ్మా" అంది. వెనకాల అమ్మ దగ్గు వినపడుతూనే ఉంది. ఆ దగ్గు నాకు తెలియదా!

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

పిన్నిగారు పళ్ళూ ప్రసాదం తెచ్చి ఇచ్చారు. మా అమ్మాయి యశస్విని తల నిమిరి, "పరీక్షలు దగ్గరికొచ్చాయి, రాత్రి జాగారం అవీ పెట్టుకోకు" అన్నారు. తర్వాత నాతో, "మీరు మీ వాళ్ళలాంటి వాళ్ళు కాదమ్మా. ఎంత శుభ్రం, ఎంత పద్ధతి" అన్నారు. మెచ్చుకోలే. ఆవిడ మనసులో కల్మషం ఉండదు. నేను "మీ దయ పిన్నిగారూ" అన్నాను. అన్నాక గదిలోకొచ్చి తలుపేసుకుని కూచున్నాను. ఎందుకో తెలియదు.

ఈ ఇల్లు దొరక్క ఎంత తిరిగానో నాకు తెలుసు. "మీ ఆయన ఎక్కడుంటారు?" అని ఒకళ్ళు. "ఒంటరి ఆడవాళ్ళకి ఇవ్వమండీ" అని ఇంకొకళ్ళు. పిన్నిగారు ఆ ఊసే ఎత్తలేదు. మేము ఏ కులమని కూడా పట్టించుకోలేదు. ఒక్కటే అడిగారు, "నీచు తింటారా?" అని. "మానేశామండీ" అన్నాను. స్కూలు ఎదురుగా ఉంది, మేడ మీద గాలి బాగా వస్తుంది. అప్పుడు అది పెద్ద అబద్ధంగా అనిపించలేదు. యశకి డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రిలో నాతోపాటు కూచున్నది పిన్నిగారే. అలాంటి మనిషిని బాధపెట్టడం ఎందుకు? ఇదంతా ఆవిడ మీద గౌరవంతోనే చేస్తున్నాను.

అమ్మమ్మ ఇంటినుంచి వస్తే యశ మెట్లెక్కేముందే చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటుంది. ఒకసారి రొయ్యల కూర వేడి చేసుకున్నాం, అంతే, కిటికీలన్నీ మూసి, తలుపు కింద తువ్వాలు దోపింది. నేను చెప్పలేదు. పిల్ల తనంతట తనే నేర్చుకుంది.

ఫిబ్రవరి 19, గురువారం

స్కూలునుంచి వచ్చి రోడ్డు మీద అటూ ఇటూ నడిచాను. "వాకింగా అమ్మాయ్?" అన్నారు పిన్నిగారు గేటు దగ్గర్నుంచి. అవునన్నాను.

ఫిబ్రవరి 21, శనివారం

హాలు సరే. మైకు సరే. ఫ్లెక్సీ మీద బావ ఫోటో మాణిక్యమ్మ ఫోటో కంటే పెద్దదిగా పడింది, అదీ సరే. అమ్మ ఒక్కత్తే ఇంకా ఏం మాట్లాడలేదు. రేపు వస్తే చాలు. ముందు వరసలో కుర్చీ వేయించాను.

యశ వస్తానంది. ట్యూషన్లో మోడల్ టెస్టు ఉంది, వద్దన్నాను. "ఇడ్లీ కోసం బందరు దాకా ఎందుకులే" అంది. ఈ నోరు వాళ్ళ అమ్మమ్మ పోలిక.

ఫిబ్రవరి 22, ఆదివారం

అమ్మ రాలేదు.

ఎనిమిదింటికే హాలు నిండింది. మన ఆడవాళ్ళు వచ్చారు గానీ, మంచి చీరలు కట్టుకుని గోడవారగా ఒద్దికగా కూచున్నారు. ప్రతి ఏడూ రోడ్డు పక్కన ఆకు ముందు కూచుని ఎంత అల్లరి చేసేవాళ్ళు! మొదటి ముద్ద ఎవరిది వాళ్ళు తినకూడదు, పక్కవాళ్ళ చేతిది తినాలి. మాణిక్యమ్మ పెట్టిన పద్ధతి అది. ఆ ముద్ద దగ్గరే సగం పరాచికాలు. "ముళ్ళు తీసి పెట్టవే, నేనేం నీ మొగుణ్ణా" అని అరుపులూ, నవ్వులూ. ఇవాళ బఫే పెట్టారు. ప్లేటూ స్పూనూ పట్టుకుని ఎవరిది వాళ్ళు తిన్నారు. ఇడ్లీ బాగుంది. చాలా మెత్తగా ఉంది. అందరూ "బాగుందండీ" అన్నారు. నేను సగం ప్లేటులోనే వదిలేశాను.

మాస్టారి ఉపన్యాసం మాత్రం అద్భుతం. "ఆ బుట్ట బస్సెక్కలేదు, ఒక జాతి ఆత్మగౌరవం బస్సెక్కింది" అన్నారు. చప్పట్లే చప్పట్లు. మాణిక్యమ్మ పిలుపు దగ్గర ఆయన గొంతు వణికింది. "ఆకలేసినోళ్ళు దిగి రండి అందమ్మా ఆ తల్లి!" అని ఆగారు. కళ్ళు తుడుచుకున్నారు. వెంటనే బుట్టలు బస్సెక్కడం గురించి చెప్పారు. మధ్యలో ఏం జరిగిందో చెప్పలేదు. ఎప్పుడూ అంతే, ఇప్పుడు గుర్తొస్తోంది. అక్కడికొచ్చేసరికి ఆ కథ ఒక మెట్టు దాటేస్తుంది.

అంతా అయ్యాక బస్టాండుకి వెళ్ళాం. గుడివాడ బస్సు నిలబడి ఉంది. ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు వచ్చాక సీటు దొరకడం గగనం. మాస్టారూ పిన్నిగారూ ఎక్కి నాకూ చోటు పట్టారు. నేనూ ఎక్కాక చూశాను, రోడ్డు అవతల, ఎప్పుడూ కూచునే చోటే, అమ్మ. ఆనందమ్మ పిన్ని, ఇంకో నలుగురు ముసలాళ్ళు. పట్టా, ఆకులు, నల్లటి పెద్ద కుండ. తినడం అయిపోయి చేతులు కడుగుతున్నారు.

బస్సు దిగి రోడ్డు దాటాను. ఏం మాట్లాడాలో తెలియక, "హాలుకి ఎందుకు రాలేదమ్మా?" అన్నాను.

"నాకు ఏసీ పడదు" అంది.

పాత స్టీలు డబ్బా ఒకటి ప్లాస్టిక్ సంచీలో పెట్టి నా చేతిలో పెట్టింది. "నీ వాటా. యశకి కూడా. తింటావో పారబోస్తావో నీ ఇష్టం." నా మొహం చూడలేదు. కుండ మూతి తుడవడంలో పడిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. డబ్బా అక్కడే పెట్టి వచ్చేయొచ్చు కదా? చేతులు రాలేదు.

ముగ్గురి సీటు. కిటికీ పక్కన మాస్టారు, మధ్యలో పిన్నిగారు, చివర నేను. సంచీ ఒళ్ళో పెట్టుకుని పైన పమిట కప్పాను. "ఏమిచ్చారమ్మా అమ్మగారు?" అని పిన్నిగారు అడిగితే, "ఏదో పచ్చడి" అన్నాను.

పెడనలో ఒకామె ఎక్కింది, చేపలు అమ్ముకునే ఆమె. బేరం అయిపోయినట్టుంది, బుట్ట కడిగి బోర్లించి చంకన పెట్టుకుంది. నా సీటు పక్కనే రాడ్డు పట్టుకుని నిలబడింది. పెడన దాటాక స్పీడు బ్రేకరు మీద బస్సు ఎగిరింది. డబ్బా మూత కదిలిన చప్పుడు నాకు వినపడింది. చల్లగా తొడ మీద తగిలింది.

ముందు పిన్నిగారు ముక్కుకి పమిట అడ్డం పెట్టుకున్నారు. "ఏవండీ, వాసన చూశారా? ఎవరో చేపలు ఎక్కించినట్టున్నారు." వెనక సీటువాడు వంత పాడాడు. నలుగురూ తలలు తిప్పి ఆమె బుట్ట వైపు చూశారు.

"ఏమ్మా, నీదేనా? వెనక్కి పో" అన్నాడు కండక్టరు.

"ఖాళీ బుట్ట బాబూ. కడిగిందే" అంది ఆమె, తిప్పి చూపిస్తూ.

"కడిగితే కంపు పోద్దా? దింపెయ్యండయ్యా" అన్నాడు వెనకాయన.

ఆమె ఇంకేం అనలేదు. బుట్ట తల మీద పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ వెనక్కి కదిలింది. అలవాటైనట్టే కదిలింది. నేను కూచునే ఉన్నాను. రాసుకుంటున్నాను కాబట్టి రాస్తున్నాను, నేను కూచునే ఉన్నాను. పులుసు చీర దాటి లంగాకి అంటుతోంది, నేను కిటికీలోంచి పొలాలు చూస్తున్నాను. ఆమె బుట్ట ఎవరి భుజానికో తగిలింది, అతను విసుక్కున్నాడు. "తప్పయిపోయింది బాబూ" అంది.

ఏం తప్పు చేసిందని!

లేచి నిలబడ్డాను. "కండక్టరు గారూ, ఆమెది కాదు. నాది." గొంతు మరీ పెద్దగా వచ్చింది, క్లాసులో అరిచినట్టు. సంచీలోంచి డబ్బా తీసి పైకెత్తాను. చెయ్యంతా పులుసు. "కానాగంతల పులుసు. మా అమ్మ వండింది. మూత ఊడింది."

కండక్టరు నా పట్టుచీర వైపు చూశాడు. "పర్లేదు మేడమ్, కూచోండి" అన్నాడు.

ఆమెకి వెనక్కి పో. నాకు మేడమ్, కూచోండి. పులుసు నాది!

"ఆమెని పిలవండి. ఇక్కడ కూచుంటుంది" అన్నాను. ఆమె "వద్దమ్మా, నాకెందుకు" అని ఎంత మొత్తుకున్నా వినకుండా చెయ్యి పట్టి లాక్కొచ్చి నా సీట్లో కూచోబెట్టాను. నా చేతి పులుసు ఆమె చేతికీ అంటింది. పిన్నిగారు పమిట దగ్గరికి లాక్కుని మాస్టారి వైపు జరిగారు. నావైపు చూసిన చూపు మాత్రం మర్చిపోలేను. కోపం కాదది. మోసపోయిన చూపు.

డబ్బా ఒక చేత్తో, రాడ్డు ఒక చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కవుతరం దాటింది. ఉండబట్టలేక నేనే అడిగాను.

"మాస్టారూ, ఆ రోజు మాణిక్యమ్మ పిలిస్తే మీరు దిగారా?"

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"చాలా ఆకలేసిందమ్మా ఆ రోజు" అన్నారు. "దిగలేదు."

గుడ్లవల్లేరు. గుడివాడ. అక్కణ్ణుంచి ఆటో. గేటు దగ్గర మాస్టారు తల వంచుకుని లోపలికెళ్ళిపోయారు. పిన్నిగారు ఆగారు.

"అబద్ధం ఎందుకాడావు అమ్మాయ్?"

"నిజం చెబితే ఇల్లు ఇచ్చేవారా పిన్నిగారూ?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ ఆగలేదు. "పిల్ల పరీక్షలయ్యేదాకా ఉండండి. దాని చదువు పాడవకూడదు. ఆ తర్వాత..." అని ఆగిపోయారు.

"అలాగేనండీ" అన్నాను.

మెట్లెక్కాను. మళ్ళీ ఇల్లు వెతుక్కోవాలి. మళ్ళీ "మీ ఆయన ఎక్కడుంటారు" దగ్గర్నుంచి. వెధవ నోరు, ఇంకో అరగంట మూసుకుంటే సరిపోయేది. అలా అనుకుంటూనే డబ్బాలో ఎంత మిగిలిందో చూశాను. ముక్కలన్నీ ఉన్నాయి.

ఫిబ్రవరి 23, సోమవారం

రాత్రి యశ పులుసు మరగబెట్టి పెట్టింది. ఇంటి సంగతి విని, "ఓహో" అంది, అంతే. అన్నం ఎక్కువ వండి నీళ్ళు పోసి ఉంచింది.

పొద్దున ఆరింటికి ఇద్దరం నేల మీద కూచున్నాం. పిల్ల డబ్బా మూత మీద చెయ్యి పెట్టి, అలవాటు ప్రకారం లేవబోయింది.

"కిటికీలు మూసెయ్యనా అమ్మా?"

"తియ్యి. అన్నీ తియ్యి."

తీసింది. కింద పిన్నిగారు వాకిట్లో నీళ్ళు చల్లుతున్నారు. వాసన తగిలే ఉంటుంది, చీపురు చప్పుడు కాసేపు ఆగింది. మళ్ళీ మొదలైంది. వెనకటిలా నాకు గుండెలు కొట్టుకున్నాయి. కొట్టుకుంటే కొట్టుకోనీ.

నేను ముద్ద కలిపి నోట్లో పెట్టుకోబోతే, యశ చెయ్యి పట్టుకుని ఆపింది. "నీది నువ్వు తినకూడదు, మర్చిపోయావా?" అంటూ ముల్లు తీసి తన ముద్ద నా నోటికి పెట్టింది.

మామిడికాయ ముక్కలు వేసింది అమ్మ, చెప్పినట్టే. చేపలంటే నాకెంత ఇష్టమో. అన్నం మీద ఏడుస్తున్నానని పిల్ల కసిరింది.

తింటూ ఉండగానే అమ్మ దగ్గర్నుంచి ఫోన్. తనే చేసింది. హలో లేదు, ఏమీ లేదు.

"తిన్నావా, పారబోశావా?"

"తింటున్నాను. ఉప్పు తగ్గింది."

"నీ మొహం తగ్గింది" అని పెట్టేసింది.

ఇవాళ స్కూలు అయ్యాక రెండు టులెట్ బోర్డులు చూడాలి. అద్దె సంగతి తర్వాత అడుగుతాను. ముందు మేము చేపలు తింటామండీ అని చెప్తాను.